చేతికి తెలిసిన అక్షరాలు

అరకేర
24 జూన్ 1992

అన్నా,

ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించకు. నీ అలవాటు నాకు తెలుసు. ఇన్లాండు కవరు విప్పగానే చెన్నవ్వ వదిన పొయ్యి దగ్గరి నుంచి చేతులు తుడుచుకుంటూ వస్తుంది. నువ్వు అద్దాలు పెట్టుకొని, నాయిన తహసీల్ ఆఫీసు ముందు జనాల అర్జీలు చదివినట్టు గొంతు సవరించుకొని మొదలుపెడతావు. ఈసారి నువ్వొక్కడివే చదువుకో. వదిన మీద నమ్మకం లేక కాదు. ఆమె కడుపులో మాట ఆగదు. రాయచూరు బజారులో కనిపించిన అరకేర మనిషికల్లా చెబుతుంది, అది తిరిగి తిరిగి మా ఇంటికే వస్తుంది.

ఈ ఊళ్లో నా ఉత్తరం విప్పినా చదవగలిగేవాళ్లు లేరు, అదొక్కటి మంచిది. మా పిల్ల సహనకు పదిహేడేళ్లు వచ్చాయి, కన్నడం గడగడ చదువుతుంది గానీ మన అక్షరాలు ముట్టలేదు. నాయిన అనేవాడు గుర్తుందా, "బజార్ల ఏ భాషన్న మాట్లాడుండ్రి, ఇంటి ఉత్తరం మాత్రం తెలుగుల్నే రాసుకోండ్రి" అని. అందుకే రాస్తున్నాను.

నా ఎడమ రొమ్ములో ఒక గడ్డ తగులుతోంది. ఉగాదికి పోకచెక్కంత ఉండేది, ఇప్పుడు చిన్న నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు, నొప్పి లేదు కదా అని నేనూ ఊరుకున్నాను. దేవదుర్గలో ఒక నర్సమ్మకు చూపిస్తే ఆమె మొహం మారిపోయింది. "అక్కా, ఇది ఈడ సూసేది కాదు. రాయచూరుకన్న పో, హైదరాబాదుకన్న పో. జల్ది పో" అన్నది.

మీ బావకు చెప్పాను. వాళ్లమ్మ హనుమవ్వ ఆపరేషను బల్ల మీదనే పోయిన సంగతి నీకు తెలుసు కదా. అప్పటి నుంచి ఈ ఇంట్లో దవాఖాన మాట ఎత్తకూడదు. "కోస్తే సస్తవ్. కొయ్యకుంటే బతుకుతవ్. పసరు కడదాం" అంటాడు. ఆయన చెడ్డవాడు కాదన్నా, భయపడ్డవాడు. తెల్లవారకముందే లేచి తనే ఆకు తెచ్చి, తనే నూరి కడుతున్నాడు. చూస్తుంటే నాకే జాలేస్తుంది.

ఒక్కటే దారి ఉంది. నాగుల పంచమికి పుట్టింటికి తీసుకుపోతానని నువ్వు వస్తే ఇక్కడ ఎవరూ కాదనరు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఒక్క ఏడు తప్పలేదు నువ్వు. చేతిలో పల్లీల శేంగా ఉండల సంచి, చంకలో గొడుగు, ఎండ కాస్తున్నా సరే ఆ గొడుగు. ఈసారి పది రోజులు ముందుగా రా. పండుగని చెప్పి బయలుదేరదీయి, నేరుగా దవాఖానకు తీసుకుపో. పంచమి నాటికి అంతా అయిపోతే నీ క్వార్టర్సు వెనక వేపచెట్టుకు ఎప్పటిలా ఉయ్యాల కట్టు. నలభై ఒక్కేళ్లది ఊగుతోందని కాలనీ ఆడవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఒంటరిగా పోవచ్చు కదా అంటావేమో. పోగలను. చెప్పకుండా గడప దాటిందని రేపు సహన పెళ్లి నాడు కూడా అంటారు, అది పడలేను.

నాకు భయంగా ఉంది అన్నా. ఈ మాట మీ బావకు కూడా చెప్పలేదు. వస్తానని ఒక్క ముక్క రాయి.

నీ దారి చూస్తూ,
చెల్లె సుమంగళ


శక్తినగర్
9 జూలై 1992

చెల్లె సుమంగళా,

నీ ఉత్తరం ముట్టింది. వదినకు చదివి వినిపించాను, చాలా ఖుషీ పడింది. వాన బాగా పడిందని, మీరంతా ఆరాముగా ఉన్నారని తెలిసి మాకూ మనసు నెమ్మదించింది. బావకు పొలం పనులతో తీరిక ఉండదు. ఎండలో మరీ తిరగవద్దని చెప్పు.

ఇక్కడి సంగతులు రాస్తాను. జూన్ మొదటి వారంలో డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి పోతే తల తిరిగి పడ్డాను. రెండు రోజులు దవాఖానలో పెట్టుకొని పంపించారు. గాబరా పడకు, ఇప్పుడు గట్టిగానే ఉన్నాను. కళ్లు మాత్రం కొంచెం అలసిపోతున్నాయి. రాయచూరు తీన్ కందిల్ దగ్గర అద్దాలు కొత్తవి కట్టించాను, సరిపోలేదు, మళ్లీ మార్పించాను. మూడోసారి పోతే దుకాణపాయన "ఆంఖా అచ్ఛేచ్ హై సాబ్" అని తేల్చేశాడు. కళ్లు బాగానే ఉన్నాయట. మరి బాగుంటే తలుపు కుడి రెక్కకు నా భుజం రోజూ ఎందుకు తగులుతోందో ఆయనే చెప్పాలి. వదిన నవ్వుతోంది, నీ అన్న తాగివచ్చినట్టు నడుస్తున్నాడని.

థర్మల్ కరెంటు ప్లాంటులో పని మామూలే. గంట గంటకూ మీటర్ల మీద అంకెలు చూసి పుస్తకంలో ఎక్కించాలి. పద్నాలుగు మీటర్లు, ఒక్క అంకె తప్పు పోలేదు ఇంతవరకు. ఇంజనీరు వెంకోబరావు గారు నా రాతను మెచ్చుకుంటూనే ఉంటారు.

ఈ ఏడు పంచమికి రాలేను చెల్లె. యూనిటు ఆపి మరమ్మతు చేస్తున్నారు, ఎవరికీ సెలవు లేదు. మన మహాంతేశ్‌కు కాలేజీ సెలవులే, వాడి చేత చీర పంపిస్తాను. దసరాకు తప్పకుండా వస్తాను. ఒక్క పంచమే కదా, నువ్వు మనసు చిన్నబుచ్చుకోకు.

బావకు, సహనకు నా మాటగా చెప్పు.
అన్న తిప్పన్న


అరకేర
17 జూలై 1992

అన్నా,

నీ జవాబు మూడుసార్లు చదివాను. ఇంకెవరికో రాసింది నా కవరులో పెట్టావేమోనని అడ్రసు కూడా తిప్పి చూశాను.

వదినకు వినిపించవద్దన్నాను, వినిపించానన్నావు. ఆమె ఖుషీ పడిందన్నావు. దేనికి ఖుషీ పడింది? నేను గడ్డ గురించి రాస్తే నువ్వు తలుపు రెక్క గురించి రాశావు. నువ్వు పడిన సంగతికి నిజంగానే దిగులు పడ్డాను, కానీ లేచి డ్యూటీకి పోతున్నావు కదా.

ఆలోచించి ఆలోచించి ఒకటి అనుకున్నాను. ఆడదాని ఒంటి సంగతి అన్నకు రాయడమే తప్పయిందా? చదివి సిగ్గుపడ్డావా, అందుకే చదవనట్టు రాశావా? నాకు అమ్మ లేదు, అక్క లేదు. ఎవరికి రాయాలి మరి?

పంచమికి ఇంకా పదిహేడు రోజులుంది. వస్తాను అని గానీ, రాను అని గానీ ఒక్క మాట రాయి. రాను అన్నా కోపం తెచ్చుకోను, వేరే దారి చూసుకుంటాను.

సుమంగళ


శక్తినగర్
6 ఆగస్టు 1992

చెల్లె సుమంగళా,

నీ ఉత్తరం రాగానే ప్రాణం లేచివచ్చింది. రెండుసార్లు చదివాను. నువ్వు రాసిన ప్రతి మాటా మనసులో పెట్టుకున్నాను. ఎప్పుడూ అట్లాగే నవ్విస్తూ రాయి.

మహాంతేశ్ చీర ఇచ్చి వచ్చాడు. ఆకుపచ్చది వదినే ఎంచింది, ఎర్ర అంచు నా మాట. "అత్త జర సన్నబడ్డది నాయినా" అన్నాడు వాడు. నాట్ల రోజులు కదరా, పని మనిషి సన్నబడక ఏమవుతుంది అన్నాను. వాడికి ఉండలు కట్టి ఇచ్చావట, నీ చేతి బెల్లం పాకం వదినకు ఎన్నేళ్లైనా పట్టుబడదు. ఈ మాట ఆమెకు వినపడకుండా రాస్తున్నాను.

ఈ మధ్య నాయిన తరచూ గుర్తొస్తున్నాడు. మనకు అక్షరాలు నేర్పినప్పుడు పలక ఇవ్వలేదు చూడు, చాటలో ఇసుక పోసి మన వేలు పట్టుకొని దిద్దించాడు. "ముందు శెయ్యికి రావాలె, తర్వాత కంటికి అదే వస్తది" అనేవాడు. నువ్వు ఐదేళ్లదానివి, 'ఋ' దగ్గర వేలు నొప్పి అని ఏడ్చి నా మీద ఇసుక చల్లావు. ఎందుకో అదే ఇసుక, అదే చాట కళ్ల ముందు తిరుగుతున్నాయి.

దసరాకు వస్తాను. ఈ మాట ఖాయం.

నిన్ను ఎప్పుడూ తలుచుకునే
అన్న తిప్పన్న


అరకేర
22 ఆగస్టు 1992

తిప్పన్న గారికి,

నమస్కారం. చీర ముట్టింది. సహనకు ఇచ్చాను, ఆమెకు రంగు బాగుంది.

నేను రాసిన ప్రతి మాటా మనసులో పెట్టుకున్నారట. సంతోషం. అక్కడే ఉంచుకోండి.

పంచమి నాడు మా మలుపు దగ్గర నాలుగు బస్సులు ఆగాయి. రెండో బస్సులో నుంచి ఒక గొడుగు దిగితే లేచి నిలబడ్డాను. చూస్తే మా ఊరి టీచరు గారు. మీ మహాంతేశ్ ముందు రోజే వచ్చి పోయాడని తెలిసినా నిలబడ్డాను, చూడండి నా తెలివి. వాడికి చెబుదామని నోటి దాకా వచ్చింది. పెళ్లికాని పిల్లవాడికి ఆ మాట ఎట్లా చెబుతాను.

చంకలో ఇంకోటి వచ్చింది. పసరుకు చర్మం పగిలింది. మీ బావ ఇప్పుడు ఆకు మార్చాడు. దవాఖాన మాట నేనూ మానేశాను. అడిగిన చోట లేదని తెలిశాక ఇంకా అడుగుతూ కూర్చోవడం నాకు రాదు.

ఇక రాయను. రాస్తే మీరు వదినకు చదివి వినిపిస్తారు, ఆమె ఖుషీ పడుతుంది.

సుమంగళ


శక్తినగర్
15 నవంబరు 1992, ఆదివారం

చెల్లె,

మీ ఊరి తాయప్ప మిరపకాయలు అమ్మడానికి వచ్చి, మా అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. ఇది రాసి ఆయన చేతికే ఇస్తాను. రేపు మొదటి బస్సుకు నేను, వదిన, మహాంతేశ్ వస్తున్నాం. ముందు ఈ మాట తెలియాలని ఇది మొదట రాశాను. మిగతాది చదవాలనిపిస్తే చదువు.

తాయప్ప రాగానే వదినతో అన్నాడు, "ఏందమ్మా, మీ ఆడబిడ్డ మంచంల పడి రెండు నెలలాయె, సూడనీకి రాకపోతిరి" అని. వదిన నా వైపు తిరిగింది. "అందరు ఆరామున్నరని సదివితివి గద. ఆ ఉత్తరాలు దే. మల్ల సదువు" అన్నది. పెట్టెలో నుంచి నీ మూడు ఉత్తరాలూ తనే తెచ్చి ముందు పెట్టింది. నేను గొంతు సవరించుకొని మొదలుపెట్టాను. నాలుగు మాటలు పోనిచ్చి, "పోయినసారి గిట్ల సదవలే" అన్నది. చదువు రానిది కదా, విన్నది విన్నట్టు గుర్తుంటుంది ఆమెకు. నేను కల్పించింది నాకే గుర్తు లేదు.

నేను చదవలేను చెల్లె. జూన్‌లో పడ్డప్పటి నుంచి ఒక్క అక్షరం చదవలేను. నీ ఉత్తరాలు ఒక్కటీ చదవలేదు. రాయగలను, చూస్తున్నావు కదా, చేయి పోతూనే ఉంది. రాసింది మళ్లీ చూస్తే చీమల బారు. మొదట అద్దాలనుకున్నాను. సెప్టెంబరులో వదినకు చెప్పకుండా రాయచూరులో డాక్టరు గురురాజ్ దగ్గరికి పోయాను. పేరు, ఊరు రాయమన్నాడు, రాశాను. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి అదే కాగితం ముందు పెట్టి చదవమన్నాడు. ఎవరు రాశారండీ అని అడిగాను. ఆయన నవ్వలేదు.

మెదడు మీద ముడతలు పడ్డ పొర ఒకటి ఉంటుందట, రెండు రూపాయి బిళ్లలు కలిపినంత మందం. అదంతా ఒకటే పని చేయదు. నుదుటి వైపుది ఆలోచన చూసుకుంటుంది. నడినెత్తి నుంచి చెవి దాకా దిగే పట్టీ కాళ్లూ చేతులూ కదిలిస్తుంది. చెవి పైన ఒక చోటు విన్న మాటను అర్థం చేసుకుంటుంది, దానికి ముందున్న చోటు మాట పలికిస్తుంది. వెనక భాగమంతా చూపు. అక్కడే, ఎడమ పక్కన అడుగున, చూసిన అక్షరాన్ని మాటగా మార్చే చోటు ఉంటుంది. రక్తం ఆగి నాకు చచ్చిపోయింది అదీ, కుడివైపు చూపులో కొంతా. అంకెల దారి వేరట, అది మిగిలింది. రాసే దారి వేరు, దానికేమీ కాలేదు. నాకు వెంటనే తెలిసింది. ఒక ఫీడరు లైను పోతే ఆ ఒక్క కాలనీయే చీకటి, పక్క కాలనీలో దీపాలు ఉంటాయి. రోజూ చూసే పనే కదా.

ఇంట్లో చెప్పండి అన్నాడు డాక్టరు. చెప్పలేదు. కాలనీలో తెలుగు చదివేవాళ్లు పది మంది ఉన్నారు, ఎవరి చేతికి ఇచ్చినా నీ ఉత్తరం రెండు నిమిషాల పని. అర్జీలు రాసిన ఉరుకుందప్ప కొడుకుకు చదువు పోయిందని తెలుస్తుందని, ఉద్యోగం పోతుందని ఇవ్వలేదు. ఇంకొకటి కూడా ఉంది, అది దాచను. ఏముంటుంది చెల్లె ఉత్తరంలో, వాన, పొలం, మేక ఈనింది, అనుకున్నాను.

దసరాకు బయలుదేరాను చెల్లె. రాయచూరు బస్టాండులో బోర్డులన్నీ ఒకటే తీరు. దేవదుర్గ బస్సు ఏదని అడగాలి. పుట్టిన ఊళ్లో కొత్తవాడిలా అడగలేక గంట సేపు నిలబడి వెనక్కి వచ్చాను.

ఇప్పుడే మహాంతేశ్ చేతికి నీ మొదటి ఉత్తరం ఇచ్చాను. కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ తడుముకుంటూ చదివాడు. అరగంటకు 'గడ్డ' అనే మాట దాకా వచ్చి ఆగిపోయాడు. నేను లాక్కున్నాను. మిగతాది నీ నోటనే వింటాను. బావ కాళ్లు పట్టుకొనైనా రేపు నిన్ను తీసుకుపోతాను.

తిప్పన్న


అరకేర
8 ఫిబ్రవరి 1993

అన్నా
కోపం లేదు
పంచమికి రా


శక్తినగర్
27 జూన్ 1993

చెల్లె,

నువ్వు పోయి నాలుగు నెలలైంది. ఎవరికి రాస్తున్నావని వదిన అడిగితే సుమంగళకు అన్నాను. సిరా సీసా తెచ్చి పక్కన పెట్టి పోయింది.

హైదరాబాదు డాక్టరు మాట నీకు చెప్పలేదు నేను. కాలేయం దాకా పాకింది, ఇంటికి తీసుకుపొండి, ఎండాకాలంలో వచ్చి ఉంటే తీసి పడేసేవాళ్లం అన్నాడు. జూన్ కూడా ఎండాకాలమేనా అని అడిగాను. వాన పడకపోతే అంతే కదా అన్నాడు, నేనెందుకు అడిగానో ఆయనకు తెలియదు. బావ ఆ వరండాలో గోడకు తల ఆనించి నిలబడి, పసరు పట్టిన తన వేళ్లే చూసుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఇద్దరం భయపడ్డవాళ్లమే.

ఆ దవాఖాన మంచం పక్కన రోజూ అడిగాను నిన్ను, కోపం పోయిందా అని. నువ్వు గోడ వైపు తిరిగి, "నోటితోని చెప్ప. ఉత్తరం రాస్తా, సదువుకో" అన్నావు. అన్నకు అది శిక్ష అని నీకు తెలుసు. మూలిగే నొప్పిలో కూడా నీ పెంకితనం పోలేదు. అప్పుడే కదా, రెండోసారి పోయినప్పుడు డాక్టరు గురురాజ్ చెప్పిన ఉపాయం నీకు చెప్పాను. కంటితో చదవలేనిది వేలితో దిద్దితే తెలుస్తుందని. చేయి కదిలించే చోటు బాగానే ఉంది, అక్షరం అటు నుంచి చుట్టూ తిరిగి మాటను చేరుకుంటుందట. నాయిన చాటలో చేసిందే.

ఫిబ్రవరిలో తాయప్ప గుడ్డ మడత తెచ్చి ఇచ్చాడు. విప్పితే పంచమి చీర చెంగు, ఆకుపచ్చది. దాని మీద ఎర్ర దారంతో లావుగా కుట్టిన వరసలు. పడుకొనే కుట్టిందని, రెండు వారాలు పట్టిందని, సహనను సూది గుచ్చనివ్వలేదని చెప్పాడు. నా వేలికి తగలాలనే కుట్టావు.

కళ్లు మూసుకొని వేలు పెట్టాను. మొదటి రోజు 'అన్నా' తెలిసింది. రెండో రోజు 'కోపం' తెలిసింది. అక్కడ ఆగిపోయాను చెల్లె. తర్వాతి మాట ఉంది అనో లేదు అనో ఉంటుంది. వేలు పెట్టడానికి ధైర్యం చాలక మడిచి దిండు కింద పెట్టాను. ఆరు రోజులు అట్లాగే ఉంచాను. ఏడో రోజు నువ్వు పోయావని తంతి వచ్చింది. నీ ఉత్తరం నా దగ్గర ఉండగా చదవకుండా ఉండడం అది నాలుగోసారి. పదకొండో రోజు అయ్యాక ఇంటికి వచ్చి మిగతాది చదివాను.

చదివే చోటు చచ్చిపోయింది నాకు, సిగ్గు ఉండే చోటు మాత్రం బతికి ఉంది. అటుది ఇటైతే నువ్వు ఉండేదానివి. డాక్టరును అడిగాను, సిగ్గు ఎక్కడ ఉంటుందండీ అని. అది ఒక్క చోట ఉండదు అన్నాడు.

వెంకోబరావు గారికి అంతా చెప్పేశాను. ఉద్యోగం పోలేదు. అంకెలు తప్ప ఏదీ చదవనక్కరలేని చోటికి మార్చారు. అంత సులువు పని అది, నిరుడు జూన్‌లో నోరు తెరిచి ఉంటే.

నాలుగు నెలలుగా నీ మొదటి ఉత్తరం మీద వేలితో దిద్దుతున్నాను. సిరా రాత గుడ్డలా తగలదు, చాలా నెమ్మదిగా పోతుంది. ఒక్కో రోజు రెండు వరసలు, ఒక్కో రోజు ఒక మాట. 'గడ్డ' దగ్గర వారం పట్టింది. నా గొడుగు దగ్గర నవ్వాను, వేపచెట్టు ఉయ్యాల దగ్గర లేచి బయటికి పోయాను. నిన్న చివరి వరస అయింది. నువ్వు అందులో అడిగింది ఒకటే.

ఇది పోస్టు చేస్తాను. పైన అరకేర అడ్రసు కన్నడంలో చేయి దానంతట అదే రాస్తుంది. అక్కడ బావకు చదవడం రాదు, సహనకు మన అక్షరాలు రావు. రేపటికి నాకూ ఇది చీమల బారే. అయినా నువ్వు అడిగిన ఒక్క ముక్కకు జవాబు బాకీ పడిపోయింది.

వస్తాను చెల్లె. పంచమికి పది రోజులు ముందుగానే వస్తాను.

అన్న తిప్పన్న